అనుదిన విజ్ఞాపన: డోర్నకల్ నుండి రాజమహేంద్రవరము వరకు

సమస్త మనుష్యుల కొరకును ప్రార్థించుమని పౌలు తిమోతికి బోధించెను. ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకము దానిని అనుదిన క్రమముగా చేసెను. తెలుగు నేలపై ఆ క్రమము ఎవరి నోట పలికినదో గమనింపదగినది.

1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య డోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆంగ్లికన్ సంఘములో తొలి భారతీయ బిషప్పు ఆయనే. ఆయన మండలములోని విశ్వాసులలో అత్యధికులు మాల, మాదిగ కూలీలు. పొలము పని ముగిసిన పిమ్మట గ్రామోపాధ్యాయుడు సాయంకాల ప్రార్థన నడిపించెడివాడు. ఊరి బావిని ముట్టనీయబడని వారు రాజు కొరకు, రోగుల కొరకు, తమను దూరముంచిన ఊరి కొరకును దేవుని వేడుకొనిరి. విజ్ఞాపన యాజక ధర్మము. ఆ ధర్మము అంటరానివారిగా ఎంచబడినవారికి అప్పగింపబడెను.

1947 సెప్టెంబరు 27న ఆ మండలములో అధిక భాగము దక్షిణ ఇండియా సంఘములో చేరెను. రాజమహేంద్రవరపు లూథరన్లు చేరలేదు. అయినను 1964లో ఇచ్చటి లూథర్‌గిరిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఆరంభమాయెను. అది 1973లో హైదరాబాదునకు తరలువరకు ఉభయ సంఘముల విద్యార్థులును ఇచ్చటనే కలిసి చదివిరి. సంఘముల విలీనము కుదరని చోట కూడ ఒకరి పేరు ఒకరు దేవుని యెదుట ఎత్తుటకు అడ్డు లేదు.

నేడు మన ఆదివారపు విజ్ఞాపనలు మన సంఘస్థుల అవసరతలతోనే ముగిసినచో, ఆ కూలీల ప్రార్థన కంటె మన ప్రార్థన చిన్నదైనట్లే.