దేవాన్‌పూర్‌కు వెళ్లిన అర్చకుని కొడుకు

జంషెడ్‌పూర్ నుండి ఖరగ్‌పూర్ వైపు సాగే రైలుమార్గంలో, సువర్ణరేఖా నది ఒడ్డున ఘాట్‌శిలా అనే చిన్న పట్టణం ఉన్నది. పూర్వం ధల్‌భూమ్ రాజ్యానికి ఇది ముఖ్యపట్టణం. 1912 వరకు బెంగాల్‌లోను, ఆ తరువాత బీహారులోను, 2000 నవంబరు నుండి జార్ఖండ్‌లోను భాగమై, నేడు జంషెడ్‌పూర్ కేంద్రంగా గల తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలో చేరి ఉన్నది. దీని పొరుగున ఉన్న మౌభండార్ రాగి కర్మాగారం పేరు చాలామందికి తెలుసు. ఉత్తరాంధ్ర నుండి ఉద్యోగాలకై టాటానగర్ చేరిన తెలుగు కుటుంబాలకు ఘాట్‌శిలా కొండలు, నదీతీరం సెలవుదినాల విహారస్థలాలు. అక్కడి దహీగోడాలో ఒక సామాన్యమైన ఇల్లు ఉన్నది. దాని పేరు గౌరీకుంజ్. బెంగాలీ నవలాకారుడు విభూతిభూషణ్ బందోపాధ్యాయ, పెళ్లయిన కొద్దికాలానికే మరణించిన తన మొదటి భార్య గౌరీదేవి పేర ఆ ఇంటికి ఆ పేరు పెట్టుకున్నారు. 1950 నవంబరు 1న ఆయన ఘాట్‌శిలాలోనే కన్నుమూశారు.

విభూతిభూషణ్ తెలుగు పాఠకులకు కొత్తవారు కారు. ‘పథేర్ పాంచాలి’ని మద్దిపట్ల సూరి, ‘ఆరణ్యక్’ను ‘వనవాసి’ అనే పేరుతో సూరంపూడి సీతారాం తెలుగులోకి తెచ్చారు. అయితే ఈ రెండు గ్రంథాల ప్రభావం వల్ల ఆయనను ప్రకృతి ఆరాధకుడుగా, అడవుల చిత్రకారుడుగా మాత్రమే తలచుకోవడం అలవాటైపోయింది. ఈ అభిప్రాయం సగమే నిజం. జీవితంలో అత్యధిక భాగం ఆయన బడిపంతులు. హుగ్లీ జిల్లా జాంగీపాడాలోను, హరినాభిలోను, కలకత్తాలోను, చివరి దశలో గోపాల్‌నగర్‌లోను పాఠాలు చెప్పి బ్రతికినవారు. పల్లెటూరి పేద పిల్లవాడు ఉన్నత పాఠశాల గడప తొక్కినప్పుడు అతనికేమి దక్కుతుందో, అతని ఇంటికేమి దక్కకుండా పోతుందో ఆయనకు తెలిసినంతగా తెలిసిన భారతీయ రచయితలు అరుదు. ఆ ఎరుకకు అక్షరరూపం 1932లో గ్రంథంగా వెలువడిన ‘అపరాజితో’.

‘పథేర్ పాంచాలి’లో అక్క దుర్గను, ఆపై కాశీలో తండ్రి హరిహర్‌ను పోగొట్టుకున్న అపూ, ఈ నవలలో తల్లి సర్వజయతో కలిసి మనసాపోత అనే గ్రామం చేరుకుంటాడు. తల్లి అంతవరకు ఒక సంపన్నుల ఇంట వంటమనిషిగా కాలం గడిపింది. ఇప్పుడు తలదాచుకోవడానికి ఇల్లు, కొడుకు పౌరోహిత్యం చేస్తే నాలుగు ఇళ్ల నుండి వచ్చే బియ్యం, దక్షిణ. ఆమె కోరిక ఇంతకు మించి లేదు. కాని అపూకు చదువు కావాలి. పూజలు చేస్తూనే సమీపంలోని బడికి వెళ్లి చదువుకుంటాడు. ఉపకారవేతనం గెలుచుకొని దేవాన్‌పూర్ ఉన్నత పాఠశాలకు వెళ్లిపోతాడు. ఇక ఆ ఊరికి అతడు సెలవులకు వచ్చే చుట్టమే.

దేవాన్‌పూర్ అధ్యాయాలు నవలలో పెద్దభాగమేమీ కావు. అయినా రచయిత బలమంతా అక్కడ ఉన్నది. అపూ ఆదర్శ విద్యార్థి కాడు. పాఠ్యపుస్తకాల కంటె గ్రంథాలయంలోని ఇతర పుస్తకాల మీదనే అతనికి మోజు. తోటి పిల్లల బట్టలు, వారి ఇళ్ల నుండి వచ్చే డబ్బు అతనికి లేవు. అందుకు అతడు కుమిలిపోడు, ఎవరినీ ద్వేషించడు. ప్రపంచమంతా చూడవలెనన్న కోరిక ఒక్కటే అతని సంపద. పరాయివాడుగా ఉండటం అతనికి అవమానంగా గాక, ఒక విధమైన స్వేచ్ఛగా తోచడం ఈ పాత్రలోని విశేషం.

ఈ కల్పన వెనుక రచయిత జీవితం ఉన్నది. 1894లో జన్మించిన విభూతిభూషణ్ తండ్రి మహానంద బందోపాధ్యాయ సంస్కృత పండితుడు, పురాణ కథకుడు. విద్యకు గౌరవమే తప్ప రాబడి లేని వృత్తి అది. కుమారుని పాఠశాల విద్య ముగియకముందే ఆయన మరణించారు. బనగావ్ ఉన్నత పాఠశాలలో చదివి 1914లో, అంటే ఇరవయ్యేళ్ల వయస్సులో విభూతిభూషణ్ మెట్రిక్యులేషన్‌లో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. కలకత్తా రిపన్ కళాశాలలో 1918లో బి.ఏ. పూర్తిచేశారు. నవలలో అపూ చేరేది కూడ ఆ కళాశాలలోనే.

ఇది ఒక వ్యక్తి కథ మాత్రమే కాదు. 1917లో నియమితమైన, మైకేల్ శాడ్లర్ అధ్యక్షతన పనిచేసిన కలకత్తా విశ్వవిద్యాలయ సంఘం ఒక ఆశ్చర్యకరమైన లెక్కను బయటపెట్టింది. పట్టా పరీక్షలకు చదువుతున్న విద్యార్థులు బెంగాల్‌లో సుమారు 26,000 మంది. ఇంచుమించు అంతే జనాభా గల బ్రిటన్‌లోనూ దాదాపు అంతమందే! అయితే అక్కడి వైవిధ్యం ఇక్కడ లేదు. అత్యధికులు ఒకే మూస చదువు చదివి, గుమాస్తాగిరీ, న్యాయవాదవృత్తి, ఉపాధ్యాయవృత్తి అనే మూడు నాలుగు ద్వారాల ముందే గుమిగూడుతున్నారు. నివేదికలో అంకెగా కనిపించే ఆ యువకుణ్ణే విభూతిభూషణ్ పేరు పెట్టి పిలిచారు.

ఆ రోజుల తెలుగుదేశంలోనూ ఈ ఆశకు ప్రతిరూపం ఉన్నది. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’ మొదటి భాగం 1924లో వెలువడింది. మొగలితుర్రులో పుట్టి, నర్సాపురం టైలర్ హైస్కూలులో చదివి, ఇంగ్లండు ప్రయాణమైన పార్వతీశాన్ని చూసి తెలుగువారు కడుపుబ్బ నవ్వుకున్నారు. పార్వతీశానికి అడుగడుగునా ఎదురయ్యే ఇబ్బందులు లోకజ్ఞానం లేనందువల్ల వచ్చినవి. అవి తీరిపోతాయి. అపూకు ఎదురయ్యేది తీరని ఇబ్బంది. అతడు ముందుకు వేసే ప్రతి అడుగు తల్లి నుండి దూరంగా వేసే అడుగే.

సర్వజయ మరణవార్త అందిన ఘట్టం భారతీయ సాహిత్యంలో చాల సాహసోపేతమైనది. ఆ వార్త వినగానే అపూకు మొదట కలిగినది దుఃఖం కాదు. ఏదో బంధం తెగిపోయినట్లు, విడుదల లభించినట్లు ఒక అనుభూతి. మరుక్షణమే అతడు తన మనస్సును చూసి తానే నివ్వెరపోతాడు. ఆ తరువాతనే దుఃఖం అతణ్ణి ముంచివేస్తుంది. మాతృభక్తిని వేదమంత్రంగా భావించే సమాజంలో ఈ మాట వ్రాయడానికి ధైర్యం కావాలి. తల్లిని ప్రేమించని కొడుకును చిత్రించడం సులభమే. ప్రాణప్రదంగా ప్రేమించిన కొడుకులోనే ఈ ఊరట పుట్టిందని చెప్పడం కష్టం. సత్యజిత్ రాయ్‌ను ఈ నవల వైపు ఆకర్షించినది ఈ ఘట్టమే. 1956లో ఆయన తీసిన చిత్రం కలకత్తాలో ఆర్థికంగా విఫలమైంది. తల్లీకొడుకుల సంబంధాన్ని అట్లా చూపడం ప్రేక్షకులకు రుచించలేదు. మరుసటి సంవత్సరం వెనిస్ ఉత్సవంలో దానికి స్వర్ణసింహ పురస్కారం లభించింది.

‘అపరాజితో’ పెద్దల కోసం వ్రాసిన నవల. కిశోరుల కోసమే విభూతిభూషణ్ వ్రాసినది ‘చాందేర్ పహాడ్’. ‘మౌచాక్’ అనే బాలల పత్రికలో ధారావాహికగా వచ్చి 1937లో గ్రంథమైంది. ఇందులోని శంకర్ కూడ పల్లెటూరి వాడే. ఎఫ్.ఏ. పరీక్ష ముగిసింది. ఇంట లేమి. జనపనార మిల్లులో ఉద్యోగం సిద్ధంగా ఉన్నది. ఆ యంత్రాల మధ్య జీవితమంతా గడపడం అతనికి ఊహించుకోవడమే కష్టం. తూర్పు ఆఫ్రికా రైలుమార్గంలో గుమాస్తాగా చేరి, సింహాల పాలబడబోయి, చివరకు వజ్రాల వేటలో ఎడారులు దాటుతాడు. రచయిత భారతదేశం వదలి ఎన్నడూ వెళ్లలేదు. ఆ ఆఫ్రికా అంతా పుస్తకాలలో, పటాలలో చదివి కట్టుకున్నది. ఉగాండా రైలుమార్గం వేసినవారిలో వేలాదిమంది భారతీయ కూలీలున్నారన్నది మాత్రం కల్పన కాదు. 1898లో సావో వద్ద మనుషుల్ని తిన్న సింహాల ఉదంతం నవలలోని కొన్ని పుటలు చదువుతుంటే గుర్తుకు రాక మానదు.

కథాకాలం 1909. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే సింగ్‌భూమ్‌లోని సాక్చీ గ్రామం వద్ద ఉక్కు కర్మాగారం లేస్తున్నది. టాటా ఉక్కు సంస్థ 1907లో ఏర్పడింది. 1912లో తొలి ఉక్కు తయారైంది. 1919లో ఆ ఊరు జంషెడ్‌పూర్ అయింది. మిల్లు వద్దనుకొని పారిపోయిన శంకర్ సృష్టికర్త, కర్మాగారాల పొగ కనిపించే మేరలోనే తన విశ్రాంతిగృహాన్ని ఎన్నుకోవడంలో ఒక వింత ఉన్నది. ఆయన చూపు మాత్రం పొగ వైపు తిరగలేదు. అటవీ అధికారుల వెంట సింగ్‌భూమ్ అడవులలో తిరిగి, ఆ అనుభవాలతో ‘హే అరణ్య కథా కవో’ వ్రాశారు. కొలిమి ముందు నిలబడిన సంతాలీ, తెలుగు, ఒడియా కుర్రవాళ్ల చదువుల కథ ఆయన చేతికి అందలేదు. దానిని లోపమనవచ్చు. కాని తనకు తెలియని జీవితాన్ని తెలిసినట్లు వ్రాయకపోవడం ఆయన నిజాయితీలో భాగమే.

‘అపరాజితో’ చివర అపూ తన కుమారుడు కాజల్‌ను నిశ్చిందిపూర్‌లో, తన బాల్యం గడిచిన చోట వదలి దేశాంతరం వెళ్తాడు. 1947లో జన్మించిన విభూతిభూషణ్ కుమారుడు తారాదాస్‌కు, ఘాట్‌శిలాలో తండ్రి మరణించేనాటికి మూడేళ్లు. పెద్దయి రచయిత అయిన తారాదాస్, తండ్రి నవల ఆగిన చోటనుండి కథను అందుకొని మరొక నవల వ్రాశారు. దాని పేరు ‘కాజల్’.