రూపాయి కరిగితే కడియం

వలసపాలన నాటి వెండి అనగానే పాత వస్తువులు సేకరించేవారి చూపు ముందు దుకాణం ముద్ర మీదికి పోతుంది. కలకత్తాలో హామిల్టన్, భుజ్‌లో ఊమర్సీ మావ్‌జీ, మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్. స్కాట్లాండ్ నుంచి వచ్చిన గడియారాల పనివాడు పీటర్ ఓర్ 1840లలో మొదలుపెట్టిన ఈ మద్రాసు సంస్థ ‘స్వామి’ పనికి పేరు పొందింది. కంకణాలు, బ్రోచీలు, టీ పాత్రల మీద దేవతామూర్తులను ఉబ్బెత్తుగా తేల్చడం ఆ పని ప్రత్యేకత. 1875 డిసెంబరులో వేల్స్ యువరాజు మద్రాసు వచ్చి వెళ్లాక దొరల ఇళ్లలో దీనికి ఆదరణ మరింత పెరిగింది. వస్తువు అడుగున సంస్థ పేరు కనిపిస్తుంది. రేకును వెనకనుంచి కొట్టి బొమ్మ తేల్చిన కంసాలి పేరు కనిపించదు.

అదే కాలంలో ఊళ్లలో తయారైన వెండి ఎంతో ఎక్కువ. కాలి కడియాలు, దండకడియాలు, కంటెలు, మొలతాళ్లు, మెట్టెలు, గజ్జెలు ప్రతి ఊళ్లో ఉండేవి. ఇప్పుడు వాటిలో నూరేళ్లు దాటినవి దొరకడం అరుదు. పని నాసిరకమై కాదు. ఆ నగ పుట్టుకలోనే దాని చావు కూడా ఉంది.

1835 చట్టం కుంపిణీ రూపాయికి 180 గ్రెయిన్ల బరువు నిర్ణయించింది. అంటే సరిగ్గా ఒక తులం, 11.66 గ్రాములు. అందులో పన్నెండు పాళ్లకు పదకొండు పాళ్లు మేలిమి వెండి. రైతు పంటల మీద నాలుగు రూపాయలు మిగిలితే వాటినే కంసాలి చేతిలో పెట్టేవాడు. మూసలో కరగాల్సింది ఆ రూపాయలే, త్రాసులో తూకపురాళ్లుగా నిలిచేవీ రూపాయలే. నగ చేతికొచ్చాక ఇన్ని రూపాయల ఎత్తు అని లెక్క చెప్పేవారు. పైన పడేది మజూరి, తరుగు మాత్రమే. దారి రెండువైపులా తెరిచే ఉండేది: ఎవరైనా వెండి తీసుకెళ్లి టంకశాలలో ఇస్తే స్వల్ప రుసుము పట్టుకుని రూపాయలు కొట్టి ఇచ్చేవారు. పల్లెజనం టంకశాల మొహం చూసి ఉండరు, షావుకారు చూశాడు. ఆ భరోసాతోనే అతను కడియానికి ధర కట్టేవాడు.

ఈ దారి ఎంత పెద్దదో కరువు చూపించింది. ధాత సంవత్సరంలో, 1876లో మొదలైన మహాకరువు బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలను ఊడ్చేసింది. ధాన్యం కోసం జనం ముందు ఇత్తడి చెంబులు, తర్వాత ఒంటిమీది వెండి అమ్ముకున్నారు. మద్రాసు టంకశాల 1869లోనే మూతపడింది. దక్షిణాది, దక్కను నగలు షావుకార్ల చేతులు మారి బొంబాయి టంకశాలకు చేరి, మళ్లీ రాణిగారి బొమ్మ రూపాయలయ్యాయి. తరతరాల పనితనం అలా మూసల్లోకి పోయింది. అయినా న్యాయంగా చెప్పుకోవాలంటే, ఆ కడియాలే లేకపోతే మరింతమంది చచ్చిపోయేవారు. నగ చేయవలసిన పని అదే, చేసింది.

అసలు దెబ్బ కరువు కొట్టలేదు, చట్టం కొట్టింది. 1870లలో జర్మనీ తదితర దేశాలు బంగారు నాణేనికి మారడంతో లోకంలో వెండి ధర జారింది. లండన్‌లో 1872లో ఔన్సు 60 పెన్సులున్నది ఇరవై ఏళ్లలో 40కి దిగింది. ఇంగ్లండుకు ఏటా పౌండ్లలో సొమ్ము పంపాల్సిన భారత ప్రభుత్వానికి ఇది తలకు మించిన భారమైంది. నాణేల విధానం పరిశీలించిన హెర్షెల్ సంఘం సలహాపై 1893 జూన్ 26న టంకశాలల తలుపులు ప్రజల వెండికి మూసేశారు. రూపాయి విలువను చట్టం నిలబెట్టింది. నగ విలువను నిలబెట్టేవారు లేరు. 1898 నాటి లండన్ ధరతో లెక్కవేస్తే 16 పెన్సుల మారకం ఉన్న రూపాయిలో 10 పెన్సుల వెండే ఉంది. అంటే నిన్నటిదాకా ఇంచుమించు రూపాయి పలికిన తులం కడియం పది అణాలైంది. 1896–97, 1899–1900 కరువుల్లో నగలమ్మినవారికి దక్కింది ఈ తగ్గిన లెక్కే. పేదవాడి దాపులో మూడోవంతుకు పైగా ఒక్క సంతకంతో, పన్ను వేశామన్న మాటైనా లేకుండా హరించుకుపోయింది. వలస ఆర్థికవిధానం గురించిన మన పుస్తకాల్లో ఈ కడియం ప్రస్తావన ఇంకా ఎక్కువగా ఉండాల్సింది.

మిగిలిన నగల కాలం తేల్చడానికి లంబాడీల రూపాయల హారాలు ఆసరా అనిపిస్తాయి, కానీ నాణెం మీది సంవత్సరాన్ని నమ్మి లెక్కకట్టకూడదు. 1840 అని ఉన్న రూపాయలు 1861 దాకా, 1862 అని ఉన్నవి 1870లలోకి వచ్చేదాకా కొడుతూనే ఉన్నారు. పైగా పాత రూపాయిని కొత్త హారంలో గుచ్చడానికి అడ్డేమీ లేదు. నాణెం చెప్పేది ఒక్కటే: హారం అంతకుముందుది కాదు. నైజాం ప్రాంతపు నగలకు ఇంకో చిక్కుంది. అక్కడి రూపాయి హాలీ సిక్కాలో వెండి పాలు నూటికి 82 మాత్రమే. దాన్ని కరిగించి చేసిన కడియంలో మేలిమి కూడా అంతే.

1940లో రూపాయిలో వెండిని సగానికి దించారు, మరుసటి ఏడు విక్టోరియా రూపాయలను చెలామణి నుంచి తప్పించారు, 1947లో నికెల్ వచ్చింది. అలా రూపాయికీ కడియానికీ ఉన్న చుట్టరికం తెగింది. ఇంట్లో మామ్మగారి కడియాలుంటే, మార్పిడికి దుకాణం మెట్లెక్కే ముందు వాటి తూకం, ఊరు, చేసిన కంసాలి పేరు గుర్తుంటే అదీ కాగితం మీద పెట్టండి.