మొబైల్ ఫోనులో చిన్న వ్యాపారం (వరంగల్)

మొబైల్ ఫోనులో వ్యాపారం అనగా ఒక దుకాణం లేదా కుటీర పరిశ్రమ తన చిరునామా, సరుకు, ధర మరియు చెల్లింపు పద్ధతిని కొనుగోలుదారుడు చేతి ఫోనులోనే చూచుకొనునట్లు ఉంచడం. వరంగల్ నగరంలో దీని అవసరం బాగా కనిపించేది కొత్తవాడ దర్రీల (జంపఖానాల) నేతలో. ఈ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే గుర్తింపు వచ్చినంత మాత్రాన కొనేవారు మగ్గం దగ్గరకు రారు. సహకార సంఘాలు, టెస్కో కొనుగోళ్ళు మరియు మధ్య వ్యాపారులపై ఆధారపడిన నేత కుటుంబానికి నేరుగా అమ్ముకొనే మార్గాలలో ఫోను ఒకటి.

==నేపథ్యం==
2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలైన తరువాత ఇంటర్నెట్ ఖర్చు బాగా తగ్గింది. అదే సంవత్సరం యూపీఐ చెల్లింపులు ప్రారంభమైనవి. నవంబరు 8న ప్రకటించిన పెద్ద నోట్ల రద్దు వీటి వాడకాన్ని పెంచింది. అంతకు ముందే, 2015 ఏప్రిల్ నుండి, గూగుల్ ఫోను తెరపై సులువుగా చదువగల పేజీలకు ఫోను వెతుకులాటలో ప్రాధాన్యం ఇవ్వసాగింది.

==చిరునామా==
వరంగల్ వ్యాపారులకు మొదటి చిక్కు ఇదే. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనలో వరంగల్ పట్టణ, వరంగల్ గ్రామీణ జిల్లాలు ఏర్పడినవి. 2021 ఆగస్టులో ఇవి హనుమకొండ, వరంగల్ జిల్లాలుగా మారినవి. వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు వరంగల్ జిల్లాలో చేరినవి. మధ్య కాలంలో పటంలో నమోదు చేసుకొని, తరువాత సరిచూడని దుకాణాల వివరాలలో పాత జిల్లా పేరు మిగిలిపోయే అవకాశం ఉన్నది. దీనికి తోడు హనుమకొండను హన్మకొండ అని, హనమకొండ అని కూడ వ్రాస్తారు. ఇంగ్లీషు అక్షరాలలోనూ ఈ తేడాలు ఉన్నవి. కావున పటంపై గుర్తును దుకాణం గుమ్మం వద్దనే పెట్టి, దగ్గరలోని గుడి, బడి లేదా కూడలి పేరు చేర్చడం మేలు. పని వేళలు, సెలవు దినాలు, ఫోను నంబరు మారిన రోజే సరిచేయాలి. ఈ నమోదు ఉచితం. గూగుల్ మై బిజినెస్ అనే పేరును 2021లో గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌గా మార్చారు.

==సరుకును చూపడం==
దర్రీని చేతితో తాకి, మడత విప్పి చూచి కొనడం అలవాటు. ఫోనులో ఆ వీలు లేదు కనుక ఛాయాచిత్రమే ఆ పని చేయాలి. బొచ్చు లేని నేత కావున దర్రీని రెండు వైపులా పరచుకోవచ్చు. రెండు వైపుల చిత్రాలూ, అంచుల చిత్రమూ పగటి వెలుతురులో తీయవలెను. పొడవు వెడల్పులు అడుగులలో, బరువు, నూలు రకము, ఉతికే విధానము వ్రాయాలి. 2006లో ప్రవేశపెట్టిన చేనేత గుర్తు ఉన్నచో దానిని చూపితే మరమగ్గపు నకలు నుండి తేడా తెలుస్తుంది.

2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్‌లో 2019 నవంబరు నుండి సరుకుల జాబితా పెట్టుకొనే సౌకర్యం ఉన్నది. జాబితాలో ధర వ్రాయక "ఫోన్ చేయండి" అని వదలివేయుట చాలాచోట్ల కనిపించే లోపం. ధర తెలియని కొనుగోలుదారుడు తరచుగా ముందుకు జరిగిపోతాడు. పార్సెల్ ఖర్చు కూడ ముందే చెప్పవలెను, ఎందుకనగా దర్రీ బరువైన సరుకు.

==చెల్లింపులు==
బ్యాంకు ఖాతా నుండి యూపీఐ ద్వారా వచ్చే సొమ్ముపై 2020 జనవరి నుండి వ్యాపారి రుసుము లేదు. సొమ్ము తీసుకొనుటకు పిన్ నొక్కనవసరం లేదు. పిన్ అడిగితే సొమ్ము పోవుచున్నదని అర్థం. కొనుగోలుదారులమని చెప్పి పిన్ నొక్కించే మోసాలు ఉన్నవి. దుకాణంలో అంటించిన క్యూఆర్ కోడ్ పై మరొకరు తమ కాగితం అంటించలేదని తరచు చూచుకోవాలి.

==వెబ్‌సైటు==
గూగుల్ ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లను ఆ సంస్థ 2024 మార్చిలో మూసివేసింది. ఆ చిరునామాలను బిల్లులపై, సంచులపై అచ్చు వేయించుకొన్నవారు వాటిని మార్చుకొనవలసి వచ్చింది. సొంత పేరుతో డొమైను కొన్నచో సంస్థ మారినా చిరునామా మారదు. దానికి ఏటా రుసుము చెల్లించాలి.