నీట మునిగిన విజయపురి

కృష్ణానది కుడిగట్టున, మూడు వైపుల కొండలుగల లోయలో క్రీ.శ. 3వ శతాబ్దమున ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి వెలసినది. కోట, స్తూపములు, విహారములు, దేవాలయములు, మెట్లుగల క్రీడారంగము అచట ఉండెను. ఈ శిథిలములు 1926లో బయటపడినవి. నాగార్జునసాగరమున లోయ మునుగనున్నందున 1954-60 మధ్య పురావస్తు శాఖవారు విస్తృతముగా త్రవ్వకములు జరిపిరి. తొమ్మిది కట్టడములను విప్పి నాగార్జునకొండపై తిరిగి నిర్మించిరి. నేడా కొండ జలాశయ మధ్యమున ద్వీపము.

కట్టడమును తరలింపవచ్చును, దాని క్రింది మట్టిపొరలను తరలింపజాలము. సాధారణముగా క్రింది పొర ముందటి కాలమును, పై పొర తరువాతి కాలమును తెలుపును. కావున మునుగుటకు ముందు వ్రాసికొన్న కొలతలు, పటములే ఆ క్రమమునకు నేడు మిగిలిన సాక్ష్యము.