విత్తనం వెనక వేళ్లు

విజయవాడలో మా మిద్దె మీద పదో పన్నెండో కుండీలు ఉన్నాయి. తొలకరి పడగానే విత్తనాల దుకాణానికి వెళ్లి బెండ, టమాటా, మిరప పొట్లాలు తెచ్చుకోవడం నాకు అలవాటు. పొట్లం మీద కంపెనీ పేరు, లాట్ నెంబరు, మొలక శాతం, గడువు తేదీ అన్నీ ఉంటాయి. ఆ విత్తనం తీసిన చేతుల గురించి మాత్రం ఒక్క మాట ఉండదు. చాలా ఏళ్లు నేనూ అడగలేదు.

హైబ్రిడ్ విత్తనం దానంతటది పండదు. బెండ, టమాటా, పత్తి లాంటి మొక్కల్లో ఆడ, మగ భాగాలు ఒకే పువ్వులో ఉంటాయి. అందుకని రేపు విచ్చుకోబోయే మొగ్గను ముందే గుర్తుపట్టి, కీలాగ్రం దెబ్బతినకుండా కేసరాలు ఒలిచేయాలి. తర్వాత వేరే రకం పువ్వు పుప్పొడిని దానికి అద్దాలి. ఇలా ఒక్కో మొగ్గకీ, ప్రతిరోజూ, నెలల తరబడి చెయ్యాలి. దీన్నే పొలాల్లో ‘క్రాసింగ్’ అంటారు. ఈ పని ఎవరు చేస్తారు? ఆడవాళ్లు, వాళ్లకంటే ఎక్కువగా ఆడపిల్లలు.

దీన్ని బానిసత్వం అంటే చాలామందికి కోపం వస్తుంది. బానిసలంటే సంకెళ్లూ ఓడలూ గుర్తొస్తాయి. మన డెల్టాలో కట్టేసింది ఇనుప గొలుసు కాదు, అప్పు.

1843 నాటి చట్టం, మనిషి మీద మనిషికి యాజమాన్య హక్కు ఉందన్న వాదనను కోర్టులు గుర్తించకూడదని చెప్పింది. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలవలు వచ్చాయి, మాగాణి పెరిగింది, చాకిరీ చేసే చేతుల అవసరమూ పెరిగింది. 1859లో ఇంకో చట్టం వచ్చింది. ముందుగా డబ్బు తీసుకుని పని మానేసిన మనిషిని మేజిస్ట్రేటు శిక్షించవచ్చని అది చెప్పింది. అంటే బానిసను కొనడం కోర్టులో చెల్లదు గానీ, అడ్వాన్సిచ్చి కట్టేసుకోవడం చెల్లుతుంది!

పాలేరుతనం ఆ నేల మీదే నడిచింది. పాలేర్లందరూ అప్పుకి కట్టుబడ్డవాళ్లు కాకపోవచ్చు. కానీ పెళ్లికో రోగానికో ముందుగా డబ్బు తీసుకున్నవాడు అది తీరేదాకా ఆసామిని వదిలి వెళ్లలేడు. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922 నాటి ‘మాలపల్లి’లో సంగదాసు లాంటి పాలికాపు నవలకి నాయకుడయ్యాడు. పాలేరు మన సాహిత్యంలోకి ఆలస్యంగానైనా వచ్చాడు.

మరి పాలేరు భార్య? మా అమ్మమ్మగారి ఊళ్లో కుదిరేది ఒక్క మగమనిషే. అతనితో పాటు అతని భార్య గొడ్లచావిట్లో పేడ తీసేది, వడ్లు చెరిగేది. కూతురు దూడల్ని తోలుకెళ్లేది. వాళ్లకి విడిగా జీతం ఉందని ఎవరూ అనుకోలేదు. దాన్ని ‘సాయం’ అనేవాళ్లు. మా ఇంటి లెక్కల పుస్తకంలో పాలేరు పేరుంది, ఆ ఇద్దరి పేర్లూ లేవు. నాకు ఇప్పుడు ఆ పుస్తకమూ, విత్తనాల పొట్లమూ ఒకలాగే కనిపిస్తున్నాయి.

1970లో గుజరాత్‌లో హెచ్-4 హైబ్రిడ్ పత్తి విడుదలైంది. తర్వాతి దశాబ్దాల్లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలు పత్తి విత్తనాలకు కేంద్రాలయ్యాయి. కోస్తా నుంచి వలస వెళ్లిన రైతులు చాలామంది అక్కడ ఈ సాగు పట్టారు. అడ్వాన్సు పద్ధతి అక్కడా ఉంది. సీజను మొదలవకముందే తల్లిదండ్రుల చేతిలో డబ్బు పెట్టి పిల్లను కుదుర్చుకునేవారు. ఆ పిల్లల్లో ఎక్కువమంది దళిత, వెనకబడిన కులాల వాళ్లు. చిన్న వేళ్లయితే మొగ్గ నలగదని, ఆడపిల్లలు ఎదురు చెప్పరని కారణాలు చెప్పేవారు. అసలు కారణం కూలి. పిల్లకిచ్చేది ఆడవాళ్ల కూలికంటే తక్కువ, మగవాళ్ల కూలికంటే మరీ తక్కువ.

దావులూరి వెంకటేశ్వర్లు అధ్యయనాలు, శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ చేసిన పని దీన్ని బయటపెట్టాయి. 2003లో బేయర్, మోన్‌శాంటో, సింజెంటా వంటి కంపెనీల పేర్లు చర్చకొచ్చాయి. ‘పొలం మాది కాదు, రైతుది’ అన్నది కంపెనీల సులువైన జవాబు. కానీ మూలవిత్తనం ఇచ్చేదీ, నాణ్యత తేల్చేదీ, కొనుగోలు ధర కట్టేదీ కంపెనీయే. మధ్యలో ఆర్గనైజరు, కింద రైతు, ఇంకా కింద మేస్త్రి, అందరికంటే కింద పిల్ల. 2005లో వచ్చిన అధ్యయనం అసలు ముడి ఎక్కడుందో చూపించింది: కంపెనీ ఇచ్చే ధరతో, పెద్దవాళ్లకి బజారు కూలి ఇచ్చి రైతు గిట్టుబాటు చేసుకోలేడు. ఒత్తిడి పెరిగాక, పిల్లల్ని పెట్టని రైతులకి కొన్ని కంపెనీలు అదనంగా చెల్లించాయి. 2015లో కూరగాయల విత్తనాల మీద వచ్చిన అధ్యయనం, మన పెరటి పొట్లం దాకా అదే కథ తెచ్చింది. బాల కార్మికులతో పాటు, ఆడవాళ్లకి తక్కువ కూలి ఇవ్వడాన్నీ అది ఎత్తిచూపింది. ఈ రెండూ వేరువేరు సమస్యలు కావు. తల్లికి సరైన కూలి దొరకని చోటే కూతురి బడి ఆగిపోతుంది.

చట్టాలు లేక కాదు. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1859 చట్టాన్ని తిరగేసింది. అప్పుడు శిక్ష అడ్వాన్సు తీసుకుని మానేసినవాడికి, ఇప్పుడు అడ్వాన్సుతో చాకిరీ చేయించుకున్నవాడికి. అప్పు వెట్టికి సంబంధించినది కాదని రుజువు చేసుకోవాల్సిన భారం కూడా అప్పిచ్చినవాడిదే. కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకునేది నిర్బంధ శ్రమేనని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ 2016లో బాల కార్మిక చట్టాన్ని సవరించినప్పుడు, బడి వేళల తర్వాత కుటుంబానికి పిల్లలు ‘సాయం’ చెయ్యొచ్చని వెసులుబాటు ఇచ్చారు. మా అమ్మమ్మగారి ఊరి మాట చట్టంలోకి ఎక్కింది. ఆ సాయంలోకి ముందు వెళ్లేది ఎవరో మనకి తెలుసు.

ఇంగ్లండులో 2015 నుంచి పెద్ద కంపెనీలు తమ సరఫరా గొలుసులో ఆధునిక బానిసత్వాన్ని అడ్డుకోవడానికి ఏం చేశాయో ఏటా ప్రకటించాలి. ప్రకటన మంచిదే. అయితే కాగితం పొలం దాకా నడిచి వెళ్లదు. విత్తనాలూ మొక్కలూ అమ్మేవాళ్లు ఏ రైతు, ఏ మేస్త్రి ద్వారా సరుకు వస్తోందో తెలుసుకోవాలి. కొనే ధరలో పెద్దవాళ్ల కూలి లెక్కగట్టాలి. ఆ కూలి కుటుంబ యజమానికి కాక, పనిచేసిన ఆమె చేతికే ఇవ్వాలి. సీజనులో ఊరి బడి హాజరు పట్టీ చూడాలి. అడ్వాన్సు ఇస్తే, అది మనిషిని కట్టేసే తాడు కాకూడదు.

ఈసారి దుకాణంలో అడిగాను: ‘ఈ బెండ విత్తనం ఎక్కడ పండిందండీ?’ అతను పొట్లం అటూ ఇటూ తిప్పి చూసి, ‘మొలక గ్యారంటీ అమ్మా’ అన్నాడు. నేను అడిగింది అది కాదు. మనలో పదిమంది అడిగితే అతను తన డీలర్ని అడుగుతాడు. డీలరు కంపెనీని అడగాల్సి వస్తుంది. లెక్కల పుస్తకంలో లేని ఆ పేర్లు రాయించడం మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే.