కొప్పు ఎవరిది?

హుజూర్‌నగర్‌లో మా ఇంటి అద్దం ముందు పాతకాలపు కొప్పు ముడవడం నేర్చుకుంటున్నాను. నూనె రాసి చిక్కుతీసి, జుట్టును మెడ దగ్గర ఒక పాయగా పట్టి, సవరం కలిపి మెలితిప్పి, చుట్టి, కొసను లోపలికి దోపాలి. పిన్నుల్లేకుండా నిలవాలంటే మెలిక బిగువే ఆధారం. చేతులు వెనక్కి పెట్టి, కనపడనిదాన్ని వేళ్లతో తడిమి తెలుసుకోవాలి.

సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో 1208 నాటి ఎరకేశ్వరాలయం ఎరకసాని అనే స్త్రీ పేరుతో ఉంది. 1213 నాటి రామప్ప గుడి మదనికల కేశాలంకరణను చూసి మురిసిపోతాం. అలాంటి కొప్పులు ముడిచిన చేతులు ఎవరివో రాయి చెప్పదు.

కొప్పు అందరికీ దక్కనూ లేదు. బ్రాహ్మణ వితంతువులకు శిరోముండనం ఆచారమైంది. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించాక కూడా మంగలికత్తి ఆగలేదు. ముత్తైదువ తలలో పూలు, వితంతువు తలపై ముసుగు: రెండూ భర్త ఆయుష్షుకే గుర్తులు. స్త్రీ జుట్టుపై స్త్రీకి మాత్రం హక్కు లేదు.

ఈ చరిత్ర తెలిశాక పాత కొప్పును ఊరికే మెచ్చుకోలేను. అయినా నేర్చుకుంటాను. నా తల నేనే ముడుచుకుంటాను, నాకు తోచినప్పుడు విప్పుకుంటాను. విప్పుకునే హక్కు లేనిచోట కొప్పు కూడా ఆజ్ఞే.