సికింద్రాబాదు దోమ నుంచి మలేరియా టీకా దాకా: ఒక విజ్ఞానచరిత్ర పరిశీలన

వ్యాససంగ్రహం:

1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ బేగంపేటలో చేసిన పరిశీలన మొదలుకొని, 2021, 2023 సంవత్సరాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన రెండు మలేరియా టీకాల వరకు సాగిన పరిశోధనక్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బేగంపేట పరిశీలన ఏమి నిరూపించింది, ఏమి నిరూపించలేదు అన్నది ఇందులో మొదటి ప్రశ్న. ఈ టీకాలతో హైదరాబాదుకు ఉన్న అసలు సంబంధం ఎక్కడ ఉంది అన్నది రెండవ ప్రశ్న.

కీలకపదాలు: మలేరియా, రోనాల్డ్ రాస్, బేగంపేట, విజ్ఞానచరిత్ర, టీకాలు, హెపటైటిస్ బి, మన్యం.

1. ప్రవేశిక:

పోటీపరీక్షల పుస్తకాల్లో తరచుగా కనిపించే ప్రశ్న ఒకటి ఉంది: “మలేరియా క్రిమిని సికింద్రాబాదులో కనుగొన్న శాస్త్రవేత్త ఎవరు?” విద్యార్థులు తడుముకోకుండా రాస్ పేరు చెబుతారు. పుస్తకం చివర ఇచ్చిన జవాబూ అదే. కాని ప్రశ్నలోనే తప్పుంది. మలేరియా క్రిమిని మొదట చూసినవాడు ఫ్రెంచి సైనిక వైద్యుడు అల్ఫాన్స్ లావెరన్. చూసిన చోటు అల్జీరియాలోని కాన్‌స్టాంటైన్ నగరం, తేదీ 1880 నవంబరు 6. రాస్ చూసినది రోగి రక్తంలోని క్రిమిని కాదు, దోమ కడుపులో ఆ క్రిమి పొందిన మరో రూపాన్ని. ఈ తేడాను చిన్న విషయంగా కొట్టివేస్తే తర్వాత నూరేళ్ళకు పైగా సాగిన కథ అర్థం కాదు. టీకా పుట్టింది క్రిమి ఒక్కో దశలో ఒక్కో రూపం ధరిస్తుందన్న తెలివిడి నుంచే.

జబ్బు పేరులోనూ ఒక చరిత్ర ఉంది. ‘మలేరియా’ అంటే ఇటాలియన్ భాషలో ‘చెడుగాలి’. చిత్తడినేలల మీది దుర్వాయువు వల్ల జ్వరం వస్తుందన్న నమ్మకం ఆ పేరులో మిగిలిపోయింది. ఆయుర్వేదం ‘విషమజ్వరం’ అనే పేరు కింద సంతత, సతత, అన్యేద్యుష్క, తృతీయక, చతుర్థక జ్వరాలను వేరుచేసింది. మూడో రోజు వచ్చేది, నాలుగో రోజు వచ్చేది అన్న ఈ విభజన, క్రిమి జాతులను బట్టి జ్వరం తిరగబెట్టే వ్యవధి గురించి ఆధునిక వైద్యం చెప్పినదానికి దగ్గరగా ఉంటుంది. అంతమాత్రాన మన పూర్వులకు క్రిమి తెలుసునని అనలేం. వారు జ్వరం నడకను గమనించారు, కారణాన్ని మరోచోట వెదికారు. తెలుగువారి వాడుకమాట ‘చలిజ్వరం’ కారణం జోలికే పోలేదు. రోగి అనుభవించేదాన్ని మాత్రం చెప్పి ఊరుకుంది.

2. బేగంపేటలో కనిపించినది:

రాస్ 1857లో అల్మోరాలో పుట్టాడు. 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ ఆయనకు లావెరన్ క్రిమిని సూక్ష్మదర్శినిలో చూపించి, దీని బతుకులో దోమకు పాత్ర ఉండవచ్చునని చెప్పాడు. మరుసటి ఏడాది రాస్ సికింద్రాబాదుకు, 19వ మద్రాసు పదాతిదళానికి వైద్యాధికారిగా వచ్చాడు.

మాన్సన్ ఊహలో ఒక పెద్ద పొరపాటు ఉంది. రక్తం తాగిన దోమ నీటిలో పడి చనిపోతుందని, ఆ నీరు తాగిన మనిషికి జ్వరం వస్తుందని ఆయన భావించాడు. రాస్ దాన్ని పరీక్షించాడు. రోగుల రక్తం తాగి చచ్చిన దోమలున్న నీటిని ఆరోగ్యవంతుల చేత తాగించాడు. తాగినవారిలో ఒకరి పేరు రాస్ రాతల్లో ఆంగ్లలిపిలో ‘లచ్‌మన్’ అని కనిపిస్తుంది. లక్ష్మణుడి పేరు దొరల చెవిన పడి అలా మారింది. అతనికి స్వల్పంగా జ్వరం వచ్చింది. రాస్ తొలుత సంతోషించినా, తర్వాతి ప్రయోగాలు ఆ ఫలితాన్ని నిలబెట్టలేదు. ఒక మనిషి చేత రోగమని అనుమానించినదాన్నే తాగించడం నేటి ఏ నైతికసంఘమూ అంగీకరించని పని. ఆనాడు అది ప్రశ్నగా కూడా ఎవరికీ తోచలేదు. లచ్‌మన్‌కు ఏమి చెప్పి తాగించారో, అతడు ఏమనుకుని తాగాడో అతని మాటల్లో మనకు దక్కలేదు.

రెండేళ్ళపాటు రాస్ వేరే జాతుల దోమలను కోస్తూ కాలం గడిపాడు. మనుషుల మలేరియాను మోసేది అనాఫిలిస్ దోమ ఒక్కటేనని ఆయనకు తెలియదు. దోమలకు శాస్త్రీయనామాలూ ఆయనకు అంతగా తెలియవు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు కొన్ని ఆయనకు దొరికాయి. ఆగస్టు 16న వాటిని హుసేన్‌ఖాన్ అనే రోగి మీద వదిలి కుట్టించాడు. ఒక్కో దోమకు ఒక అణా చొప్పున హుసేన్‌ఖాన్‌కు ఇచ్చాడు. ఆనాటి అవస్థను రాస్ స్వయంగా వర్ణించాడు. పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయి కనుక ఉక్కలోనే కూర్చోవాలి. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. మిగిలిన ఒక్క కంటికటకమూ పగిలి ఉంది. ఆగస్టు 20న కోసిన దోమ కడుపుగోడలో గుండ్రని కణాలు కనిపించాయి. వాటిలో నల్లని రేణువులున్నాయి. రోగి రక్తంలోని క్రిమిలో ఉండే రేణువులు కూడా అలాంటివే. మరునాడు ఇంకో దోమను కోస్తే అవే కణాలు మరికొంత పెద్దవిగా కనిపించాయి. అంటే దోమ కడుపులో క్రిమి పెరుగుతోంది.

ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన వ్యాసం శీర్షికలో రాస్ చెప్పుకున్నది కూడా రెండు దోమల్లో కనబడిన కొన్ని వింతకణాల గురించే. దోమకాటు వల్ల మలేరియా వస్తుందని ఆయన అందులో నిరూపించలేదు. నిరూపించానని చెప్పనూ లేదు. ఆ గొప్పను తర్వాతివాళ్ళు అంటగట్టారు.

3. కలకత్తా, ఇటలీ:

ఆ తరువాత రాస్‌ను రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేశారు. 1898లో కలకత్తా చేరాక మనుషుల జ్వరానికి బదులు పక్షుల మలేరియాను పట్టుకున్నాడు. మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు ఆయన వెంట పనిచేశాడు. ఆ జూలైలో, దోమ కడుపులోని కణం పగిలి సూదుల్లాంటి సన్నని రూపాలు బయటపడి లాలాజలగ్రంథిలోకి చేరుతున్నాయని రాస్ చూశాడు. ఆ దోమలు కుట్టిన ఆరోగ్యవంతమైన పక్షులకు జ్వరం వచ్చింది. వలయం పూర్తయింది. ఆ సన్నని రూపాలనే నేడు స్పోరోజాయిట్లు అంటున్నాం. అదే ఏడాది ఇటలీలో గ్రాసీ, బిన్యామీ, బాస్టియనెల్లీలు మనుషుల మలేరియాకూ అనాఫిలిస్ దోమకూ ఉన్న సంబంధాన్ని నిరూపించారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది, గ్రాసీకి రాలేదు. ఆ వివాదం ఇద్దరూ పోయేదాకా చల్లారలేదు.

రాస్ పనిచేసిన బేగంపేట భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో ఆయన పేరు మీదనే ఉంది. ఆ భవనం మనకు గర్వకారణమే. అయితే మలేరియా రహస్యమంతా అక్కడే తేలిపోయిందని రాయడం చరిత్ర కాదు.

4. స్పోరోజాయిట్ నుంచి టీకాకు:

టీకా ఆలోచన రాస్ కలకత్తాలో చూసిన దశ చుట్టూనే తిరిగింది. దోమ కుట్టగానే శరీరంలో దిగే స్పోరోజాయిట్లు గంట తిరిగేలోగా కాలేయంలో దాక్కుంటాయి. వాటిని ఆ కొద్దివ్యవధిలోనే అడ్డుకోవాలి. 1967లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో రూత్ నుస్సెన్‌జ్వైగ్ ఎక్స్-కిరణాలతో బలహీనపరచిన స్పోరోజాయిట్లను ఎలుకలకు ఎక్కించి, తర్వాత నిజమైన క్రిమి సోకినా అవి తట్టుకోగలవని చూపింది. మలేరియాకు టీకా సాధ్యమేనన్న నమ్మకానికి ఇది తొలి గట్టి ఆధారం. కాని మనిషికి ఈ పద్ధతిలో రక్షణ కావాలంటే కిరణాలు సోకిన దోమల చేత వెయ్యికి పైగా కాట్లు వేయించాలి. ఊరూరా వేసే టీకా అలా కుదరదు.

దారి జన్యుశాస్త్రంలో దొరికింది. స్పోరోజాయిట్ పైపొరలోని ఒక ప్రోటీను జన్యువును 1984లో వేరుచేశారు. ఆ ప్రోటీనులో నాలుగు అమైనో ఆమ్లాల పలుకుబడి ఒకటి మళ్ళీ మళ్ళీ వస్తుంది, పాటలో పల్లవిలాగ. శరీరం ఆ పల్లవిని గుర్తుపడితే చాలు. కాని ఆ ముక్కను ఒంటరిగా ఎక్కిస్తే శరీరం దాన్ని పెద్దగా పట్టించుకోదు, దానికొక వాహనం కావాలి. 1980ల చివర గ్లాక్సోస్మిత్‌క్లైన్‌కు పూర్వసంస్థ అయిన కంపెనీ, అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక పరిశోధనసంస్థ కలిసి ఎంచుకున్న వాహనం హెపటైటిస్ బి వైరసు ఉపరితల ప్రోటీను. ఈస్ట్ కణాల్లో తయారుచేస్తే ఆ ప్రోటీను తనంతట తానే చిన్న గోళాలుగా అమరుతుంది. ఆ గోళాల మీద మలేరియా ముక్కను అతికించారు. ఆర్‌టీఎస్,ఎస్ అన్న పేరులోని ఆర్ ఆ పల్లవికి, చివరి ఎస్‌లు హెపటైటిస్ బి ఉపరితలానికి గుర్తులు. రోగనిరోధకస్పందనను పెంచడానికి ఇందులో కలిపే సహాయకద్రవ్యంలో చిలీ దేశపు క్విల్లాజా చెట్టు బెరడు సారం ఒక భాగం.

1997 జనవరిలో తొలి ఆశాజనక ఫలితం వెలువడింది. టీకా వేయించుకొని, ఆ తరువాత కావాలనే మలేరియా దోమల చేత కుట్టించుకున్న ఏడుగురు స్వచ్ఛంద సేవకుల్లో ఆరుగురికి జబ్బు రాలేదు. హుసేన్‌ఖాన్ దోమలకు చేయి అందించి అప్పటికి దాదాపు నూరేళ్ళు. ఈసారి చేయి అందించినవారికి జరగబోయేది ముందే తెలుసు.

ఆ తర్వాత ఇరవైనాలుగేళ్ళు పట్టింది. 2009 నుంచి 2014 వరకు ఏడు ఆఫ్రికా దేశాల్లో 15,459 మంది పసిపిల్లల మీద మూడవదశ పరీక్షలు జరిగాయి. 5 నుంచి 17 నెలల వయసులో మొదలుపెట్టి నాలుగు మోతాదులు పొందిన పిల్లల్లో, సుమారు నాలుగేళ్ళ కాలంలో జ్వరాలు 36 శాతం మేరకు తగ్గాయి. తట్టు టీకాతో పోల్చితే ఇది చాలా తక్కువ. అందుకే చాలామంది పెదవి విరిచారు. 2019 నుంచి ఘానా, కెన్యా, మలావీ దేశాల్లో ప్రయోగాత్మకంగా వేసినప్పుడు మాత్రం టీకాకు అర్హమైన వయసు పిల్లల మరణాలు 13 శాతం తగ్గినట్లు తేలింది. 2023లో మలేరియా ప్రపంచవ్యాప్తంగా దాదాపు 5,97,000 మందిని చంపింది, వారిలో అత్యధికులు ఆఫ్రికాలోని అయిదేళ్ళలోపు పిల్లలు. ఈ సంఖ్య పక్కన పెట్టి చూస్తే 13 శాతాన్ని తక్కువనలేం. 2021 అక్టోబరు 6న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ టీకాను సిఫారసు చేసింది. 2023 అక్టోబరు 2న ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం రూపొందించగా పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేస్తున్న ఆర్21 టీకాకూ సిఫారసు దక్కింది. దీనిలోనూ వాహనం హెపటైటిస్ బి ప్రోటీనే, మలేరియా ముక్క పాలు మాత్రం ఎక్కువ.

5. హైదరాబాదు అసలు సంబంధం:

ఇక్కడ మన చరిత్రకారులు అంతగా పట్టించుకోని యాదృచ్ఛికత ఒకటి ఉంది. ఆర్‌టీఎస్,ఎస్ తొలి విజయం ప్రచురితమైన ఆ 1997లోనే, ఆగస్టులో, వరప్రసాదరెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ హైదరాబాదులో దేశపు తొలి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకాను విడుదల చేసింది. దాని పరిశోధన మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తరువాత కణ, అణుజీవశాస్త్ర పరిశోధనకేంద్రంలో సాగింది. అందులోనూ ఉన్నది ఈస్ట్ కణాల్లో పండించిన అదే ఉపరితల ప్రోటీను. కొద్దికాలానికి భారత్ బయోటెక్ కూడా అదే బాటలో హెపటైటిస్ బి టీకాను మార్కెట్లోకి తెచ్చింది. అంటే మలేరియా టీకాకు వాహనమైన పదార్థాన్ని పెద్దయెత్తున, చవకగా తయారుచేయడం ఈ నగరం మరో రోగం కోసం ముందే నేర్చుకుంది. 2021లో ఆర్‌టీఎస్,ఎస్ తయారీని భారత్ బయోటెక్‌కు బదిలీ చేసే ఒప్పందం కుదిరినప్పుడు, దాని వెనుక బేగంపేట దోమ కంటే ఈ పాతికేళ్ళ ఈస్ట్ అనుభవమే బలమైన కారణమని నా అభిప్రాయం. దాని ధరను 2028 నాటికి అయిదు డాలర్ల లోపుకు దించుతామని ఆ సంస్థలు 2025లో ప్రకటించాయి. అయితే క్విల్లాజా సారం కలిసిన సహాయకద్రవ్యం గ్లాక్సోస్మిత్‌క్లైన్ చేతిలోనే ఉంటుంది. ప్రోటీను మనది, దానికి పదును పెట్టేది వారిది.

6. మన మన్యం మాట:

ఈ టీకాలు వెళ్ళేది ఆఫ్రికాకు. అక్కడ అది న్యాయమే, మరణాలు అక్కడున్నాయి. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండపల్లెల్లో, ఆదిలాబాదు అడవుల్లో ఇవి మన జాతీయ కార్యక్రమంలో భాగం కాలేదు. కారణం ఒక్క డబ్బే కాదు. రెండు టీకాలూ ప్లాస్మోడియం ఫాల్సిపారం మీద గురిపెట్టినవి. మన దేశంలో మలేరియా కేసుల్లో గణనీయమైన భాగానికి కారణమైన వైవాక్స్ జాతి పైపొర ప్రోటీను వేరు. దాని మీద ఇవి పనిచేయవు. పైగా వైవాక్స్ కాలేయంలో నెలల తరబడి నిద్రపోయి, వర్షాలు వెలిశాక కూడా లేచి జ్వరం తెప్పించగలదు. దాన్ని పూర్తిగా తీసేయడానికి ప్రైమాక్విన్ మాత్రలను పద్నాలుగు రోజులు వాడాలి. మూడో రోజుకే జ్వరం తగ్గి రోగి పోడుపనికి వెళ్ళిపోతాడు. మిగిలిన పదకొండు రోజుల మాత్రలు మింగించడానికి ఆశా కార్యకర్త వాగులు దాటి ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళవలసి వస్తుంది.